కొమ్మ పడుతుందా, కుళ్ళుతుందా: ఇంటి గ్రీన్‌హౌస్‌లో విదేశీ మొక్కల కటింగ్స్ వెనకున్న లెక్క

మనీప్లాంట్ గురించి ఒక సంగతి చాలామందికి తెలీదు. దాని సొంతూరు పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాలోని మోరియా అనే చిన్న దీవి, అది దాదాపుగా పూయదు, తనంతట తాను పూసినట్టు చివరిగా రికార్డయింది 1964లో. ఎందుకు పూయదో 2016లో ఒక పరిశోధన తేల్చింది, పూతకి కావాల్సిన జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారయ్యే దారిలో ఒక జన్యువు దాంట్లో పని చెయ్యట్లేదు. పువ్వు లేదు కాబట్టి కాయ లేదు, కాయ లేదు కాబట్టి గింజ లేదు. అంటే అమలాపురంలో వంటింటి కిటికీలో సీసాలో ఉన్నదైనా, డాలస్‌లో అపార్ట్‌మెంట్ బాల్కనీలో వేలాడుతున్నదైనా, ఎక్కడో ఎవరో ఒక కొమ్మ తుంచి ఇంకొకళ్ళకి ఇస్తే వచ్చిందే.

ఇంత తేలిగ్గా బతికే మనీప్లాంట్‌కి దగ్గరి చుట్టాలే మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, ఆంథూరియం. ఇవన్నీ మన కంద, చేమ కుటుంబమే, కోసినప్పుడు చెయ్యి దురద పెట్టేది కూడా అందుకే. మరి ఇవి ఆన్‌లైన్‌లో వందలు, వేలు పెట్టి ముక్కలుగా కొనుక్కుని, ప్లాస్టిక్ డబ్బాలోనో గాజు బీరువాలోనో పెట్టి, వీడియోల్లో చెప్పినట్టే అన్నీ చేసినా పది రోజులకి కాడ మెత్తబడి వాసన కొడుతోందని ఎందుకు అంటున్నారు? తప్పు ముక్కదా, మందుదా, డబ్బాదా?

క్లుప్తంగా: తెగిన కొమ్మకి వేళ్ళు రావడం ఒక పరుగు పందెం, వేరొచ్చేలోపు ఎండిపోకూడదు, కుళ్ళిపోకూడదు. ఎండకుండా గ్రీన్‌హౌస్ కాపాడుతుంది, కానీ అదే డబ్బా వేడెక్కితే కుళ్ళుని తెచ్చేది కూడా అదే. చలిదేశాల్లో గ్రీన్‌హౌస్ పెట్టేది వెచ్చదనం కోసం, మన దగ్గర పెట్టాల్సింది తేమ కోసం, ఈ తేడా పట్టించుకోకుండా అక్కడి సలహాని ఇక్కడ అమలు చెయ్యడమే చాలా ఫెయిల్యూర్లకి మూలం. ఇక మచ్చల ఆకుల మొక్కల ధరలు, వాటి చుట్టూ మోసాలు, ఇవి కూడా కొమ్మ ఎలా మొక్క అవుతుందన్న దగ్గరే ముడిపడి ఉన్నాయి.

తెగిన చోట ఏం జరుగుతుంది

మొక్క చిగుర్లలో, లేత ఆకుల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతూ ఉంటుంది, అది కొమ్మలో పై నుంచి కిందకి ఒకే దిక్కుగా ప్రయాణిస్తుంది. నెదర్లాండ్స్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రవేత్త 1920ల్లో ఓట్స్ గింజల మొలకల మీద ప్రయోగాలు చేసి దీన్ని పట్టుకున్నాడు. కొమ్మ మొక్కకి ఉన్నంతసేపూ ఆక్సిన్ వేళ్ళ దాకా వెళ్ళిపోతుంది, కోసేస్తే ఇంక వెళ్ళే దారి లేదు, కోసిన అంచు దగ్గరే పోగుపడుతుంది. గాయం అయిందన్న సంకేతం ఒకటి, ఈ పోగుపడిన ఆక్సిన్ ఒకటి, రెండూ కలిసి అక్కడి కణాల్ని మళ్ళీ చిన్నపిల్లల్లా మార్చేస్తాయి, అవి విభజన మొదలుపెట్టి వేరు మొగ్గలుగా తయారవుతాయి. దీనికి రోజులు, వారాలు పడుతుంది. వెచ్చటి వాతావరణంలో ఫిలోడెండ్రాన్‌కి రెండు నుంచి నాలుగు వారాలు, మాన్‌స్టెరాకి మూడు నుంచి ఆరు, దేవగన్నేరు లాంటి కండగల కొమ్మకి ఇంకా ఎక్కువ.

ఆక్సిన్ ఒకే దిక్కుకి పోతుంది కాబట్టే ముక్కని తలకిందులుగా గుచ్చితే పట్టదు, పట్టినా అష్టకష్టాలు పడుతుంది. పొడుగు తీగని ముక్కలు చేసి పక్కన పడేస్తే ఏది పైనో ఏది కిందో మర్చిపోవడం మామూలే, అందుకే నర్సరీల్లో పైన అడ్డంగా, కింద ఏటవాలుగా కోసే అలవాటు ఉంది. ఏటవాలు కోత వల్ల వేళ్ళు ఎక్కువొస్తాయని చెప్తుంటారు గానీ, గుర్తు పెట్టుకోవడానికే అది ఎక్కువ పనికొస్తుంది.

కణుపు లేని ఆకు ఎందుకు మొక్క కాదు

వేరు రావడం ఒక పని, చిగురు రావడం ఇంకో పని. కొనేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

చెరుకు ముచ్చె నాటే రైతుకి ఇది చెప్పక్కర్లేదు, కన్ను లేని ముక్క నాటితే మొలక రాదు. మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్ కూడా అంతే, కణుపు దగ్గర నిద్రపోతున్న మొగ్గ ఉంటుంది, అదే తర్వాత తీగ అవుతుంది. ఆ కణుపు లేకుండా ఆకుని కాడతో సహా కోసి నీళ్ళలో పెడితే వేళ్ళు రావచ్చు, ఆకు నెలల తరబడి పచ్చగా ఉండొచ్చు, కానీ ఇంకో ఆకు ఎప్పటికీ రాదు. గిఫ్టుగా అమ్మే గుండె ఆకారం హోయా ఆకులు చాలావరకు ఇలాంటివే, ఏళ్ళ తరబడి ఆ ఒక్క ఆకే అలా నిలబడి ఉంటుంది. రబ్బరు మొక్క ఆకుకీ వేళ్ళొస్తాయి, అదీ గుడ్డిదే.

అలాగని ఆకు నుంచి మొక్క రాదని కూడా కాదు. రెక్స్ బిగోనియా ఆకు ఈనెల మీద గాటు పెట్టి తడి ఇసుక మీద పరిస్తే ఒక్కో గాటు దగ్గర ఒక్కో పిల్ల వస్తుంది, పెపరోమియా వస్తుంది, ఆఫ్రికన్ వయొలెట్ వస్తుంది. జీజీ ప్లాంట్ ఆకు కూడా వస్తుంది గానీ ముందు మట్టిలో బఠాణీ అంత దుంప కట్టి, ఆ తర్వాత ఎన్నో నెలలకి చిగురు వేస్తుంది, ఈలోపు చచ్చిపోయిందనుకుని పారేసేవాళ్ళే ఎక్కువ. ఈ జాతుల్లో మామూలు ఆకు కణం నుంచే కొత్త మొగ్గ పుట్టించుకునే శక్తి ఉంది, మాన్‌స్టెరాకి లేదు. అలొకేషియా ఇంకో దారి, దానికి కొమ్మే ఉండదు, చేమ దుంపకి పిల్లదుంపలు వచ్చినట్టే మట్టిలో చిన్న దుంపలు వస్తాయి, వాటిని తీసి తడి నాచులో పెట్టుకోవాలి. కాబట్టి అలొకేషియా కటింగ్ అని ఆకు ఫోటో పెట్టి అమ్ముతుంటే అక్కడే ఆగిపోవాలి.

గాలి దాహం

వేళ్ళు లేని కొమ్మ నీళ్ళు తాగలేదనేం కాదు, కోసిన చోటు నుంచి కొంచెం పీల్చుకుంటుంది, కానీ ఆకులు వదిలేసే నీటితో పోలిస్తే అది ఏ మూలకీ చాలదు. ఆకు ఎంత వదులుతుందన్నది గాలి ఎంత దాహంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. తేమ శాతం ఒక్కటే చూస్తే ఇది అర్థం కాదు, ఎందుకంటే వేడి గాలి చల్లగాలి కంటే చాలా ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు, అందుకని ఉష్ణోగ్రత, తేమ కలిపి ఆవిరి పీడన లోటు అనే లెక్క వాడతారు, కిలోపాస్కల్స్‌లో.

హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుంటే ఆ లోటు దాదాపు 5.9. అదే ఊళ్ళో వర్షాకాలం మబ్బు రోజు 28 డిగ్రీలు, తేమ 85 శాతం ఉంటే 0.57. అంటే ఒకే కొమ్మ, ఒకే కుండీ, గాలి లాగే బలం మాత్రం పదింతలు తేడా. వేరు లేని కటింగ్‌కి ఇది 0.5 చుట్టుపక్కల ఉంటే హాయి, 1 దాటితే ఆకు వాలడం మొదలవుతుంది. మృగశిర దాటి ఆరుద్ర వచ్చాక మందారం కొమ్మ, కాగితంపూల కొమ్మ ఊరికే గుచ్చినా పడుతుందని పెద్దవాళ్ళు అనేది ఈ లెక్కే. చల్లటి దేశాల్లో చలికాలం హీటర్ వేసిన గదిలో 20 డిగ్రీలు, 40 శాతం తేమ ఉంటే కూడా లోటు 1.4 మాత్రమే, హాయి కాకపోయినా మన 5.9 ముందు చిన్నదే, అక్కడి వీడియోల్లో కటింగ్‌ని బల్ల మీద గ్లాసు నీళ్ళలో ఓపెన్‌గా పెట్టేసినా బతుకుతున్నదంటే ఆశ్చర్యం ఏం లేదు, మన ఎండాకాలంలో అదే పని చేస్తే మెత్తటి ఆకులున్న ఆంథూరియం సాయంత్రానికే వడిలిపోతుంది.

ఆకులు తగ్గించమని చెప్పేది కూడా ఇందుకే, ఆకు తక్కువైతే నీటి ఖర్చు తక్కువ. కానీ పూర్తిగా మోడు చేస్తే వేరు మొగ్గలకి కావాల్సిన చక్కెర, ఆక్సిన్ ఇచ్చే వనరే పోతుంది. డబ్బాలో తేమ బాగా ఉంటే ఆకుని అలాగే ఉంచడం మేలు, తేమ లేకపోతేనే పెద్ద ఆకుని సగానికి కత్తిరించాలి. ఆకుని సగం కోయడం ప్రతి కటింగ్‌కీ చెయ్యాల్సిన తంతులాగా చూపిస్తుంటారు, అవసరం లేని చోట అది ఇంకో గాయం, అంతే.

గ్రీన్‌హౌస్ అక్కడ కుంపటి, ఇక్కడ కుండ

మూత పెట్టిన గాజు పెట్టెలో మొక్కలు బతుకుతాయన్నది 1829లో లండన్‌లో నథానియల్ వార్డ్ అనే డాక్టర్‌కి అనుకోకుండా తెలిసింది. ఒక చిమ్మట ప్యూపా నుంచి ఎలా బయటికొస్తుందో చూద్దామని తడిమట్టి వేసి మూత బిగించిన సీసాలో పెట్టాడు, అందులో ఫెర్న్ మొలిచింది, నీళ్ళు పొయ్యకుండానే ఏళ్ళు బతికింది. మట్టిలో నీళ్ళు ఆవిరై గాజుకి పట్టి మళ్ళీ కిందకి కారేవి, బయటి పొగ లోపలికి వచ్చేది కాదు. 1833లో అలాంటి పెట్టెల్ని ఓడలో సిడ్నీ దాకా పంపి మొక్కలు బతికి చేరతాయని చూపించాడు. ఆ తర్వాత రాబర్ట్ ఫార్చ్యూన్ అనే మొక్కల సేకర్త చైనా నుంచి తేయాకు మొక్కల్ని ఇండియాకి తెచ్చింది ఈ వార్డ్ పెట్టెల్లోనే. ఇవాళ ఐకియా గాజు బీరువాని గ్రీన్‌హౌస్ చేసి లైట్లు బిగించుకుంటున్నవాళ్ళు, పెట్ బాటిల్ బోర్లించి కొమ్మ మీద పెట్టేవాళ్ళు, అందరూ వార్డ్ వారసులే.

కానీ లండన్‌లో ఆ గాజు ఇంకో పని కూడా చేస్తుంది. ఎండ లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోలేదు, చలి నుంచి రక్షణ. యూరప్, అమెరికా గార్డెనింగ్ అంతా ఈ వేడి చుట్టూనే తిరుగుతుంది, గ్రీన్‌హౌస్ ఎండలో పెట్టు, దక్షిణం వైపు పెట్టు, కింద హీట్ మ్యాట్ వెయ్యి, మూత గట్టిగా బిగించు. ఈ నాలుగూ తూచా తప్పకుండా హైదరాబాద్ మిద్దె మీద మార్చి నెలలో పాటిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఎండలో అద్దాలు మూసి పార్క్ చేసిన కారులో పది నిమిషాలు కూర్చుంటే చాలు. లోపల తేమ నూరు శాతం ఉన్నా సరే, 45 డిగ్రీలు దాటితే లేత కణజాలం ఉడుకుతుంది, ఆకు మీద గోధుమరంగు మచ్చలు, ఆ పైన కాడ నీరుగారడం. దాన్ని చూసి నీళ్ళు ఎక్కువయ్యాయనో, తక్కువయ్యాయనో అనుకుంటారు.

మన దగ్గర కటింగ్స్ డబ్బాకి నేరు ఎండ అసలు అక్కర్లేదు. మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, 75 శాతం షేడ్ నెట్ కింద కూడా 25 వేలు మిగులుతుంది, వేళ్ళు పెట్టే కొమ్మకి అయిదు నుంచి పది వేలు ఉంటే సరిపోతుంది. పెద్ద చెట్టు నీడలో గ్రీన్ నెట్ కింద, లేదా ఉత్తరం వైపు బాల్కనీలో, లేదా వెలుతురొచ్చే బాత్రూంలో అయినా సరే. హీట్ మ్యాట్ డిసెంబర్, జనవరి రాత్రుళ్ళు తెలంగాణ వైపు 12, 15 డిగ్రీలకి పడిపోయినప్పుడు పనికొస్తుంది, మిగతా పది నెలలూ దాంతో పని లేదు.

ఇక్కడే ఇంకో తేడా ఉంది, ఊరిని బట్టి మారేది. హైదరాబాద్, అనంతపురం, కర్నూలు ఎండాకాలం పొడి వేడి, అందుకే కూలర్లు బ్రహ్మాండంగా పని చేస్తాయి. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిని తడి గుడ్డ గుండా పంపితే లెక్క ప్రకారం 22 డిగ్రీల దాకా చల్లబడగలదు, నిజంగా అంత రాకపోయినా తడి గోనెసంచి, కూలర్ గడ్డి, మట్టి కుండల మధ్య పెట్టిన డబ్బాలో తేమ, చల్లదనం రెండూ ఒకేసారి వస్తాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో అది కుదరదు, అక్కడ 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలిని ఎంత తడిపినా 30కి కిందకి దిగదు, కూలర్ పెట్టుకున్న కోస్తావాళ్ళెవర్ని అడిగినా చెప్తారు. కోస్తాలో కొమ్మ ఎండిపోయే భయం తక్కువ, కుళ్ళే భయం ఎక్కువ, కాబట్టి అక్కడ మూత బిగించిన డబ్బా కంటే నీడ, గాలి ఆడే షేడ్ నెట్ మేలు. రాజమండ్రి పక్కన కడియం, కడియపులంక నర్సరీలు గోదావరి ఒండ్రుమట్టి, కాలవ నీళ్ళు, గాలిలో తేమ ఈ మూడింటి మీదే పెరిగాయి, వాళ్ళ కొమ్మలు నెట్ కింద బయటే పట్టేస్తాయి, అదే పద్ధతి హైదరాబాద్ మిద్దె మీద పనిచెయ్యకపోతే తప్పు పద్ధతిది కాదు.

రాత్రి సంగతి ఎవరూ పట్టించుకోరు. పగలు 35 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న మూసిన డబ్బా, తెల్లారుజామున 25కి దిగితే, ఆ చల్లగాలి అంత ఆవిరిని మొయ్యలేదు, ఎక్కువైన నీరంతా ఆకుల మీద, కాడల మీద బొట్లుగా పడుతుంది. ఆ తడి గంటల తరబడి ఆరకపోతే బూజుకి పండగే. పొద్దున్నే ఒక అరగంట మూత తియ్యడం, లేదా కంప్యూటర్ ఫ్యాన్ లాంటి చిన్నది లోపల తిప్పడం ఇందుకే. హ్యూమిడిఫయర్ పెట్టేవాళ్ళు బోరు నీళ్ళు పోస్తే ఆకుల మీద తెల్ల పొడి పేరుకుంటుంది, అది తెగులు కాదు, నీళ్ళలోని ఉప్పు, ఆర్‌వో నీళ్ళు పోస్తే పోతుంది.

కుళ్ళు నీళ్ళ వల్లా, ఊపిరాడకనా

కుళ్ళుకి నీళ్ళు ఎక్కువవడమే కారణం అంటారు, అది సగం నిజం. కోసిన చోట కణాలు విభజన చెందుతున్నప్పుడు వాటికి ఆక్సిజన్ బాగా కావాలి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీలకి వచ్చేసరికి 7 మిల్లీగ్రాములే. మరోపక్క వేడి పది డిగ్రీలు పెరిగితే కణాల శ్వాస సుమారు రెట్టింపవుతుంది. అంటే వేడి నీళ్ళలో సరఫరా తగ్గింది, గిరాకీ పెరిగింది. ఊపిరాడక చచ్చిన కణాల మీద పిథియం, రైజోక్టోనియా లాంటి బూజులు, మెత్తకుళ్ళు బ్యాక్టీరియా పడతాయి, వాటికి వేడి అంటే ఇష్టం. కాబట్టి కుళ్ళు అనేది ఎక్కువసార్లు ఊపిరాడకపోవడంతో మొదలై తెగులుగా ముగుస్తుంది.

నీళ్ళ గ్లాసులో పెట్టినవి వారానికి రెండుసార్లు నీళ్ళు మార్చమనేది శుభ్రం కోసం ఎంతో, కొత్త ఆక్సిజన్ కోసం అంతే. మట్టిలో పెట్టేవాళ్ళు తోటమట్టి, పశువుల ఎరువు కలిపి పెడితే మాత్రం కోరి తెచ్చుకున్నట్టే, వేరు లేని కొమ్మకి ఎరువు అవసరం లేదు, ఆ ఎరువుతో పాటు వచ్చే సూక్ష్మజీవులకి మాత్రం కోసిన గాయం తెరిచిన తలుపు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) సగం సగం, లేదా కడిగిన ముతక ఇసుక, లేదా స్ఫాగ్నమ్ నాచు, లేదా కాల్చిన వరి ఊక కోకోపీట్‌లో కలిపినా సరే, చేత్తో గట్టిగా పిండితే నీళ్ళు రాకుండా తడి మాత్రం తెలియాలి. చవక కోకోపీట్ దిమ్మెల్లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి పారబోయకుండా వాడితే కొత్తగా వచ్చిన వేళ్ళ కొసలు మాడిపోతాయి.

నీళ్ళలో వచ్చిన వేళ్ళు మట్టిలోకి మార్చగానే మొక్క వాలిపోవడం కూడా తరచూ వినే ఫిర్యాదు. నీళ్ళలో పెరిగిన వేరుకి వేరు వెంట్రుకలు పెద్దగా ఉండవు, లోపల గాలి గదులు ఎక్కువ ఉంటాయి, అది మట్టి రేణువుల మధ్య నీళ్ళు వెతుక్కోవడానికి తయారైన వేరు కాదు. రెండు అంగుళాలు రాగానే మార్చేసి, ఇంకో రెండు వారాలు డబ్బాలోనే ఉంచితే కొత్త వేళ్ళు వస్తాయి. పొడుగాటి వేళ్ళు సీసా నిండా అయ్యేదాకా ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే మార్పు ఇంకా కష్టం అవుతుంది.

పాలు కారేవి, కండ ఉన్నవి వీటికి విరుద్ధం. దేవగన్నేరు, అడీనియం, డ్రాగన్ ఫ్రూట్ ముక్కల్ని కోసిన వెంటనే తడిలో పెడితే కుళ్ళుతాయి, నీడలో కొన్ని రోజులు ఆరబెట్టి గాయం తోలు కట్టాక పెట్టాలి, మూత డబ్బాలో అసలు పెట్టకూడదు. అడీనియం కొమ్మ పట్టినా గింజ మొక్కకి వచ్చినట్టు బొద్దు మొదలు రాదు, అందుకే దాన్ని గింజ మొక్క మీద అంటు కడతారు.

పొడులు, తేనె, దాల్చినచెక్క

రూటింగ్ హార్మోన్ పొడుల్లో ఉండేది ఎక్కువగా ఐబీఏ, ఆక్సిన్‌కి బలమైన తమ్ముడు అనుకోవచ్చు. సహజమైన ఆక్సిన్ వెలుతురులో త్వరగా పాడైపోతుంది, ఐబీఏ నిలకడగా ఉంటుంది, 1930ల నుంచీ నర్సరీలు వాడుతున్నది అందుకే. లేత కొమ్మలకి వెయ్యి పీపీఎం చుట్టుపక్కల, అంటే 0.1 శాతం, గట్టి కొయ్య కొమ్మలకి మూడు వేలు, ఆ పైన. మోతాదు ఎక్కువైతే మొగ్గ ముడుచుకుపోతుంది, కోసిన చోటు నల్లబడుతుంది.

మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, మనీప్లాంట్‌కి ఈ పొడి దాదాపు దండగ, వాటి కణుపుల దగ్గర ఊడలు ముందే సిద్ధంగా ఉంటాయి. కాగితంపూలు, గట్టి కొయ్య మందారాలు లాంటివాటికి మాత్రం తేడా కనిపిస్తుంది. దాల్చినచెక్క పొడి బూజుని కొంత ఆపుతుంది గానీ వేళ్ళు తెప్పించే పని దానిది కాదు, తేనెది అంతకన్నా కాదు, పైగా డబ్బాలో చీమలు.

తెల్ల మచ్చ ఖరీదు

2020 లాక్‌డౌన్‌లో ఇళ్ళల్లో కూర్చున్న జనం మొక్కల మీద పడ్డాక ధరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. 2021 జూన్‌లో న్యూజిలాండ్‌లో తెల్ల మచ్చలున్న రఫిడోఫోరా మొక్క, తొమ్మిది ఆకులు ఉన్నది, వేలంలో 27,100 న్యూజిలాండ్ డాలర్లకి పోయింది. పచ్చటి రఫిడోఫోరా మామూలు నర్సరీ ధరకే దొరుకుతుంది, మరి తెల్ల మచ్చకి అంత ఎందుకు?

ఈ మచ్చల మొక్కల్లో చాలావాటిల్లో రెండు రకాల కణాలు కలిసి బతుకుతుంటాయి, పత్రహరితం ఉన్నవి, లేనివి. చిగురు కొసలో ఇవి పొరలుగా, వాటాలుగా ఉంటాయి, ఆ అమరిక ఉన్నంతవరకే మచ్చలు. అది గింజలో రాదు, ల్యాబులో ఒక్కో కణం నుంచి పెంచినా రెండు రకాలు విడిపోయి కొన్ని పూర్తి పచ్చగా, కొన్ని పూర్తి తెల్లగా వస్తాయి. అమరిక చెదరకుండా తీసుకోవాలంటే ఉన్న మొగ్గతో సహా కొమ్మే కోయాలి, ఒక తీగకి ఏడాదికి వచ్చే కణుపులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ధరకి మూలం ఇదే. తెల్ల మచ్చల ఆల్బో మాన్‌స్టెరా ఈ కోవలోది.

దీన్ని ఇంట్లోనే చూడాలంటే పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు చేసి నాటితే చాలు, వేళ్ళొస్తాయి, పిల్లలొస్తాయి, కానీ ఆ పిల్లలకి పసుపు అంచు ఉండదు, పచ్చటివే వస్తాయి. కొత్త మొగ్గ లోపలి కణాల నుంచి పుడుతుంది, అంచు పొర దానికి అందదు. పసుపు కావాలంటే మొదలు దగ్గర పిలకని విడదీసుకోవాల్సిందే.

థాయ్ కాన్స్టెలేషన్ మాన్‌స్టెరా మాత్రం వేరు, అది టిష్యూ కల్చర్ ల్యాబ్ నుంచే వచ్చింది, మచ్చ ప్రతి కణంలో స్థిరంగా ఉంటుంది, కాబట్టి ల్యాబులో వేలల్లో చెయ్యొచ్చు. మన రైతులు గ్రాండ్ నైన్ అరటి పిలకలు కొంటున్నది ఇదే పద్ధతిలో. పెద్ద కంపెనీలు అలా దింపేసరికి దాని ధర కుప్పకూలింది, ఆ దెబ్బకి చుట్టుపక్కల మొక్కల ధరలూ దిగాయి. ఇంట్లో కటింగ్స్ చేసి అమ్మి గ్రీన్‌హౌస్ ఖర్చు రాబట్టుకుందాం అనుకునేవాళ్ళు చూసుకోవాల్సింది ఇదే, ల్యాబు చెయ్యగలిగిన మొక్క మీద ఇంటి కత్తెర పోటీ పడలేదు.

కొనేవాళ్ళ వైపు నుంచి రెండు ఉచ్చులు. ఒకటి పూర్తి తెల్ల ముక్క, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పత్రహరితం లేదు కాబట్టి తిండి లేదు, వేరు పెట్టేలోపే నిల్వలు అయిపోతాయి. కాడ మీద పచ్చ, తెలుపు చారలు రెండూ మొగ్గ గుండా వెళ్తున్న కణుపు చూసుకోవాలి, ఆకు కాదు. రెండోది పింక్ కాంగో అని అమ్మిన ఫిలోడెండ్రాన్, ఆ గులాబీ రంగు రసాయనంతో తెప్పించినది, కొన్ని నెలల్లో కొత్త ఆకులన్నీ పచ్చగా వచ్చేసి మామూలు కాంగో అయిపోయింది, నిజంగానే గులాబీ మచ్చలుండే పింక్ ప్రిన్సెస్ అనే రకం అనుకుని దీన్ని కొన్నవాళ్ళు చాలామంది.

సూట్‌కేసులో వచ్చే ముక్క

బ్యాంకాక్ వెళ్ళొచ్చేటప్పుడు తడి టిష్యూలో చుట్టి నాలుగు కటింగ్స్ తెచ్చుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. మన ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ 2003 ప్రకారం నాటే మొక్కలు, కొమ్మలు దేశంలోకి తేవాలంటే ముందే ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి, తెగుళ్ళు, పురుగులు లేవని పంపే దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. ఆర్కిడ్లు, చాలా రకాల క్యాక్టస్‌లకి దాని మీద, అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం అనుమతులు అదనం.

ఇది కాగితాల గొడవ మాత్రమే కాదు. కొమ్మ అంటే తల్లి మొక్కకి ఉన్న వైరస్‌తో సహా నకలు, గింజలో చాలా వైరస్‌లు దాటవు, కొమ్మలో దాటుతాయి. కంద కుటుంబంలో తిరిగే డషీన్ మొజాయిక్ వైరస్ అలాంటిదే, కత్తెరని ఒక మొక్కకీ ఇంకో మొక్కకీ మధ్య స్పిరిట్‌తో తుడవమనేది ఇలాంటివాటి కోసం. పురుగుల సంగతి ఇంకా పెద్దది. మధ్య అమెరికాకి చెందిన సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు కొబ్బరి మీద కనపడింది, తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో అది చేసిన నష్టం అక్కడి రైతులకి బాగా గుర్తు. ఆకు అడుగున ఉన్న గుడ్లు కంటికి ఆనవు, కొబ్బరి ఒక్కటే కాదు, అలంకరణ మొక్కలు చాలావాటి మీద అది బతుకుతుంది.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి ఇదే కథ తిరగేసి ఎదురవుతుంది. అక్కడ విదేశీ మొక్క మన కరివేపాకు. చలికాలం గరాజ్‌లోనో ఇంటి గ్రీన్‌హౌస్‌లోనో లైట్లు పెట్టి దాన్ని కాపాడుకుంటారు, ఫ్లోరిడాలోనో టెక్సాస్‌లోనో ఉన్న చుట్టాల ఇంట్లో పిలక ఉంటే పంపించమంటారు. కానీ నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ తెగులుని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, ఆ తెగులు ఫ్లోరిడాలో 2005లో బయటపడింది, అందుకే క్వారంటైన్ ఉన్న ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్క గానీ కొమ్మ గానీ బయటికి పంపడం మీద ఆంక్షలు ఉన్నాయి. కరివేపాకు కొమ్మ పట్టడం ఎలాగూ కష్టం, అక్కడివాళ్ళు ఎక్కువగా గింజే నాటుతారు, అది కూడా పండు నుంచి తీసిన తాజా గింజ, ఎండిపోతే మొలవదు.